బాన అడుగున రెండు సోలలు

నాగులమ్మ దొంగ కాదని అందరికంటే బాగా తెలిసినవాడే ఆ కాగితం రాశాడు.

రాసినవాడి పేరు పోలేరయ్య. విడవలూరుకు తూర్పున, సముద్రానికీ చవుడు నేలకూ మధ్య ఉన్న రేవుదిన్నె పాలెంలో ఇంగ్లీషు చదవగలిగినవాడు అతనొక్కడే. రాయించినవాడు నెల్లూరు నుంచి వచ్చిన సహాయ సంఘం సూపర్వైజరు పద్మనాభయ్య. పిల్లల గంజికని ఇచ్చిన పిండిలో రెండు సోలలు బాన అడుగున దాచిపెట్టి, పిండి పూర్తిగా అయిపోయిందని సంఘానికి అబద్ధం రాయించాను, ఈ తప్పు నాదే అని అందులో ఉంది. ఇంగ్లీషులో నాలుగు వరుసలు. వాటి కింద నాగులమ్మ వేలిముద్ర.

ఆమె వేలికి సిరా పూసింది కూడా పోలేరయ్యే. ముప్పై ఏళ్లు చేపలు కోసి ఉప్పు పట్టించిన వేలు. గీతలు అరిగిపోయి ముద్ర సరిగా పడలేదు. రెండోసారి పూసి, తన చేత్తో పట్టుకుని నొక్కించాడు.

"ఏం రాసినావబ్బయా?" అని అడిగింది నాగులమ్మ.

"బానలో పిండి ఉన్నిందని రాసినా."

"ఉన్నింది గదా మరి," అంది ఆమె, వేలు కొంగుకు తుడుచుకుంటూ.

ఆ మరక ఆమె కొంగున చాలా రోజులు ఉంది. పోలేరయ్య ఆమెను ఎప్పుడు చూసినా ముందు ఆ మరకే కనిపించేది. తరవాత ఆ కోక చిరిగిపోయింది.

నాగులమ్మ ఈ పాలెంలో పుట్టిన మనిషి కాదు. పులికాటు సరస్సులో ఒక లంక ఆమెది. పెళ్లయ్యాక బకింగాం కాలవ మీద, మద్రాసు నుంచి తిరిగొస్తున్న సరుకు పడవలో రెండు రోజులు కూర్చుని ఇక్కడికి వచ్చింది. దిగేసరికి కాళ్లు తిమ్మిరెక్కి నిలబడలేక ఇసకలో కూలబడిందట. మొగుడు నరసయ్య నవ్వాడట. ఆ నవ్వు చూసి, ఈ మనిషితో బతకచ్చులే అనుకున్నానని ఆమె చెప్పుకునేది.

అత్త ముసలమ్మ నవ్వే మనిషి కాదు. కోడల్ని గుడిసెలోకి తీసుకుపోయి బియ్యం బాన మూత తీసి చూపించింది. అడుగున రెండు సోలల బియ్యం, వాటి మధ్య ఒక పసుపుకొమ్ము. ఇది అడుగు, నా అత్త నాకు ఇచ్చింది, మీద పోసింది వండుకో, దీని జోలికి మాత్రం పోబాకు అని చెప్పింది. కాపురం గురించి అత్త ఆమెకు చెప్పిన మొదటి మాటా, చివరి మాటా అదే.

అడుగు అన్నది ఆ పాలెంలో ప్రతి ఇంట్లోనూ ఉండేదే. ఏడాదికోసారి కొత్త గింజ వచ్చినప్పుడు దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాకే పాత అడుగు తీస్తారు. తీసిన మరుక్షణం కొత్తది పోస్తారు. నోటికీ అదే నియమం. బియ్యం అయిపోయాయని ఏ ఆడమనిషీ అనదు, నిండుకున్నాయి అంటుంది. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గాజు పగలదు, పెరుగుతుంది. ఇక ఆ రెండు సోలలనూ ఎవరూ తిండి కింద లెక్క పెట్టరు. పొయ్యిరాళ్లను తిండి అనుకోరు గదా, అట్లాగే.

నాగులమ్మ ఆ అడుగును ఒక్కసారే ముట్టుకుంది. యాభై ఏడో సంవత్సరం కార్తికంలో. అయిదు రోజులు సముద్రం పొంగి తెప్పలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆరో పొద్దున గాలి తగ్గింది. నరసయ్య మూడు పూటలుగా ఏమీ తినలేదు. తిననివాడు అలల మీద తెడ్డు ఎట్లా వేస్తాడని, అత్త నీళ్లకు పోయినప్పుడు ఆమె బానలో చెయ్యి పెట్టింది. గంజి కాచి పోసింది. నరసయ్య తాగి, మూతి తుడుచుకుని, సముద్రం మీదికి పోయాడు. నాలుగో నాడు అతని తెప్ప దుంగలు రెండు మైపాడు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అతను రాలేదు.

ముసలమ్మ బాన మూత తీసి చూసింది. అడుగు ఊడ్చినావు అంది. ఆ మాట మళ్లీ ఎన్నడూ అనలేదు. అయిదేళ్లు ఒకే గుడిసెలో ఒకే పొయ్యి మీద వండుకు తిన్నారు. చచ్చిపోయే దాకా ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు గనకనే అది నాగులమ్మ చెవిలో అట్లాగే ఉండిపోయింది.

గాలి వచ్చేటప్పుడు బానలు చూసుకుని వస్తుందా, ఆ మాత్రం నాకు తెలవదా అని నాగులమ్మ తరవాత పోలేరయ్యతో అంది. తెలుసు. తెలిసినా చెయ్యి మాత్రం బాన అడుగుకు పోయేది కాదు.

మొగుడు పోయాక ఆమె ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని విడవలూరు చుట్టుపక్కల రైతుల ఊళ్లు తిరిగింది. చేపలు ఇచ్చి వడ్లు తెచ్చుకునేది. కూతురు చెంచమ్మకు పెళ్లి చేసింది. చెంచమ్మ కాన్పులో పోయింది. అల్లుడు మద్రాసు హార్బరుకు కూలికి పోయి అక్కడే మరో మనువు చేసుకున్నాడు. మనవరాలు గురవమ్మ నాగులమ్మ చేతికి వచ్చింది. ఆ పిల్ల రెండేళ్ల దాకా మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక ఆపలేదు.

పోలేరయ్య సంగతి వేరు. వాళ్ల నాయనకు తెప్ప ఉండేది. వీడు తెప్ప ఎక్కితే చాలు వాంతులు. పట్టపువాళ్ల ఇంట పుట్టి సముద్రం పడనివాడు ఏం చేసుకుని బతుకుతాడని పాలెం అంతా నవ్వింది. వాడు ఆ నవ్వును మింగి, పుస్తకాల మీద పడ్డాడు. పాలెంలో రెండేళ్లు బడి నడిపి వెళ్లిపోయిన పరంజ్యోతి టీచరమ్మ పోతూ పోతూ అట్ట ఊడిన ఇంగ్లీషు వ్యాకరణం ఒకటి, మొదటి ముప్పై పేజీలు లేని నిఘంటువు ఒకటి ఇచ్చిపోయింది. వాటిని వాడు ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. బెల్లం చుట్టి వచ్చిన పాత పత్రికల కాగితాలు కూడా ఉప్పు దులిపి చదివేవాడు. ఉద్యోగాలకు ఇంగ్లీషులో అర్జీలు రాసి పంపేవాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఇరవై రెండేళ్లకే వాడి ముఖం అందరితో పోట్లాడి ఓడిపోయి వచ్చినవాడిలా ఉండేది. పాలెంలో వాణ్ణి దొర అని పిలిచేవాళ్లు. ఆ పిలుపులో ఎంత ఎగతాళి ఉందో వాడికి తెలుసు. అయినా పలికేవాడు.

అరవైల్లో ఒక కార్తికంలో మళ్లీ పెద్ద గాలివాన వచ్చింది. ఈసారి మనుషులు బతికారు, తెప్పలు పోయాయి. పందొమ్మిది తెప్పల్లో ఒక్కటి మిగిలింది. వలలు తుమ్మచెట్లకు చిక్కుకుని పేలికలయ్యాయి. కొత్త తెప్పలకు దుంగలు వచ్చేసరికి ఆరు నెలలైనా పడుతుందన్నారు. నెల్లూరు నుంచి సహాయ సంఘం వాళ్లు వచ్చి, బడి కొట్టంలో పిల్లలకు గంజి కేంద్రం పెట్టారు. గోతాల్లో పసుపుపచ్చ మొక్కజొన్న పిండి వచ్చింది. గోతం మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ. ముప్పై తొమ్మిది మంది పిల్లలకు రోజుకొక పూట గంజి. పెద్దవాళ్లు బతకడానికి ఏవో పీతలు, ఏదో ఆకు. పిల్లలకు మాత్రం ఆ పూటే ఆధారం.

వండటానికి నాగులమ్మను పెట్టారు. ఆమె చెయ్యి కొలత తప్పదని పాలెమంతా ఒప్పుకుంది. మొదటి గోతం విప్పిన రోజునే ఆమె రెండు సోలలు కొలిచి కొత్త బాన అడుగున పోసి, పసుపుకొమ్ము పెట్టి, దాని మీద మిగతా పిండి పోసింది. పోలేరయ్య అక్కడే నిలబడి చూశాడు. వాళ్లమ్మా ఇంట్లో అదే చేస్తుంది. వాడికి అందులో వింత ఏమీ కనబడలేదు.

సంఘం వాళ్లు గోడకు ఇంగ్లీషు అట్ట ఒకటి మేకు కొట్టి పోయారు. నాగులమ్మ అందులో ఏముందని అడిగింది. ఉన్న సరుకు అయిపోయినాకే కొత్త సరుకు పంపుతారంట అని పోలేరయ్య చెప్పాడు. అయిపోవడాన్ని వాళ్ల భాషలో ఏమంటారని ఆమె అడిగింది.

"రన్ అవుట్ అంటారత్తా. రన్ అంటే పరిగెత్తడం. అవుట్ అంటే బయటికి."

"కాళ్లుండే పిండి పంపిచ్చినారా దొరలు?"

"మనుషుల్ని ముందు పెట్టి కూడా చెప్తారు. మేము పిండిలో నించి బయటికి పరిగెత్తినాం అని."

నాగులమ్మ పిండి కలిపే కర్ర ఆపి, ఆలోచించింది. "ఇంతకీ పరిగెత్తింది పిండా, మనుషులా?"

రెండు విధాలా అంటారని చెప్పాడు. చెప్పడం మొదలుపెడితే వాడికి హుషారు వచ్చేసింది. ఒక్క పిండికే కాదు, కిరసనాయిలుకూ అదే మాట, కాలానికీ అదే మాట. మనిషి ఓపిక పోయినా అదే మాట, అదృష్టం పోయినా అదే. ఆమె అన్నీ విని, ఓపిక్కూ కిరసనాయిలుకూ ఒకటే మాటయితే ఆ దేశంలో మనుషులు ఏది లేక ఏడుస్తున్నారో పక్కింటోళ్లకు ఎట్టా తెలస్తుంది అని అడిగింది. మరి మొగుడు పోతే ఏమంటారని కూడా అడిగింది. దానికి వేరే మాట ఉందన్నాడు.

"పోన్లే, ఆ మాత్రం మర్యాదన్నా ఉండాది," అంది.

పోలేరయ్యకు మాత్రం ఆ ఇంగ్లీషు మాట నచ్చింది. అందులో భయం లేదనిపించింది. బాన ఖాళీ అయితే ఖాళీ అని చెబుతుంది. మనవాళ్లు డొక్కలు ఎండుతుంటే నిండుకుంది అంటారు. కడుపు మాడుతున్నవాడి నోట్లో నిండుగా ఉండే మాట పెట్టి పంపేస్తారు. ఈ మాటల వల్లనే మనం ఇట్లా అయ్యామని వాడు అనుకునేవాడు. ఆ ముక్క ఎవరితోనైనా అనాలని ఉండేది. పాలెంలో వినేవాళ్లు లేరు.

సంక్రాంతి పోయి పది రోజులకు పిండి అడుగుకు దిగింది. అప్పటికే పోలేరయ్య రెండు ఉత్తరాలు రాసి ఉన్నాడు. పిండి తక్కువలో ఉంది, తొందరగా పంపండి అని రాశాడు. అట్లాంటప్పుడు వాడే మాట వేరే ఉంది, రన్నింగ్ లో, అంటే తరిగిపోతున్నది, అంటారు. అదే రాశాడు. రెండింటికీ అచ్చు వేసిన కార్డు ఒకటే వచ్చింది. సరుకు రన్ అవుట్ అయినప్పుడు తెలియజేయవలెను.

మూడోసారి నాగులమ్మే పోలేరయ్య గుడిసెకు వచ్చింది.

"అబ్బయా, పిండి నిండుకునింది. రాసెయ్."

వాడు కొట్టం దాకా పోయి చూడలేదు. చూడాలని కూడా తోచలేదు. నిఘంటువు తెరిచి, రన్ అవుట్ ముందు పూర్తిగా అనే అర్థం వచ్చే మాట ఒకటి చేర్చి, వాక్యం రెండుసార్లు చదువుకుని మురిశాడు. చూసి ఉంటే మటుకు ఏం చేసేవాడు? బానలో అడుగు తప్ప ఏమీ లేదని చూసి, పిండి లేదనే రాసేవాడు. పాలెంలో పుట్టి పెరిగిన ఎవడైనా అట్లాగే రాస్తాడు. వాడు ఎన్ని పుస్తకాలు చదివినా ఆ రెండు సోలలు పిండేనన్న సంగతి వాడి తలకు ఎక్కలేదు.

పద్మనాభయ్య తలకు ఎక్కింది. ఆయన విడవలూరు దాకా జీపులో, అక్కడి నుంచి ఇసకలో నడిచి వచ్చాడు. చెప్పులు చేతిలో పట్టుకుని కొట్టంలోకి వచ్చి, కూర్చోకుండానే బాన మూత తీయించాడు. లోపలికి వంగి, జేబులో కలం తీసి పిండిలో గుచ్చి లోతు చూశాడు.

"ఇదేమిటి?"

"అడుగయ్యా," అంది నాగులమ్మ.

"అడుగంటే?"

"అడుగంటే అడుగే."

ఆయన కేకలు వేసే మనిషి కాదు. కలానికి అంటిన పిండి జాగ్రత్తగా దులిపి, కలం జేబులో పెట్టుకుని, పోలేరయ్య రాసిన ఉత్తరం తీసి అందులో గీత గీసిన చోట వేలు పెట్టి చూపించాడు.

"పూర్తిగా రన్ అవుట్ అని రాశావు. మరి ఇది ఏమిటి? మీ ఇద్దర్లో ఒకరు అబద్ధం చెప్పారు. నువ్వు రాయడంలో చెప్పావా, ఆమె నీతో చెప్పిందా? ఆలోచించి చెప్పు. మా గోడౌన్లో స్టోర్ కీపరు పోస్టు ఒకటి ఉంది. నీ ఇంగ్లీషు చూసి నీ పేరు రాసుకుని వచ్చాను."

అడుగు అంటే ఏమిటో పోలేరయ్య ఆయనకు చెప్పవచ్చు. తెలుగు వచ్చినవాడే, ఆయన ఇంట్లోనూ ఆడవాళ్లు నిండుకుంది అనే అంటారు. విషయం మూడు నిమిషాల్లో తేలేది. కానీ ఉద్యోగం ఇవ్వబోతున్న ఆ మనిషి ముందు పసుపుకొమ్ము గురించీ బాన గురించీ మాట్లాడటానికి వాడికి సిగ్గేసింది. తను కూడా పాలెపోడేనని తేలిపోతుందనిపించింది.

"ఆమె చెప్పిందే రాసినానండి," అన్నాడు.

అది అబద్ధం కాదు. అందుకే వాడు దాన్ని ఆ తరవాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఎక్కడా విరవలేకపోయాడు.

కాగితం రాయడం, వేలిముద్ర, అంతా అరగంటలో అయిపోయింది. పద్మనాభయ్య బాన మూతి మీద గుడ్డ కట్టించి, లక్క కరిగించి సీలు వేశాడు. కొట్టానికి తాళం వేశాడు. విచారణ జరిగేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. స్టాకు పుస్తకంలో నిలవ అన్న గడిలో రెండు సోలలు అని రాసి, సంతకం పెట్టి వెళ్లాడు.

పిల్లలు ఆ రోజు కొట్టం ముందు చిప్పలు పట్టుకుని పొద్దు వాలేదాకా కూర్చున్నారు. రెండో రోజూ వచ్చారు. మూడో రోజు సగం మందే వచ్చారు. మిగతావాళ్లు నడిచి రావడం దండగని ఇళ్లలోనే పడుకున్నారు.

పోలేరయ్య వారం తిరగకుండా ఉత్తరం రాశాడు. పిండి పంపమని వేడుకున్నాడు. జవాబు వచ్చింది. రికార్డు ప్రకారం కేంద్రంలో రెండు సోలల సరుకు నిలవ ఉన్నది, అది రన్ అవుట్ అయ్యేవరకు కొత్త సరుకు మంజూరు కాదు. ఆ రెండు సోలలు సీలు కింద ఉన్నాయి, వాడటానికి అనుమతి ఇవ్వండి అని మళ్లీ రాశాడు. విచారణలో ఉన్న సరుకును వాడరాదు అని జవాబు వచ్చింది. ఆ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టుకుని ఇసకలో కూర్చున్నాడు. తిననివ్వరు. తింటే గాని పంపరు. పాలెం పెద్దలకు చదివి వినిపించాడు. ముందు నవ్వారు. తరవాత ఒకరి ముఖం ఒకరు చూసుకుని లేచి వెళ్లిపోయారు.

తుమ్మచెట్ల కింద చెంచలాకు కోసి కోసి నేల బోడి అయింది. కాలవ పక్క పీతలు వేలెడంతవి కూడా దొరకలేదు. కొన్ని కుటుంబాలు మద్రాసు పోయాయి, కొన్ని ఉప్పు కొఠార్లకు. పోతున్నవాళ్లు ఇళ్ల తలుపులకు తాళ్లు కట్టి, బానలు మాత్రం నెత్తిన పెట్టుకుని పోయారు. వాటిల్లో ఏముందో పోలేరయ్యకు తెలుసు. పిల్లవాడు చంకలో ఏడుస్తుంటే రెండు సోలల బియ్యం నెత్తిన మోసుకుపోతున్న ఆడవాళ్లను చూసి వాడికి కోపం వచ్చింది. అరవాలనిపించింది. అరిస్తే మా అడుగు సంగతి నీకెందుకు దొరా, నువ్వు ఊడ్చింది చాల్లే అంటారని నోరు మూసుకున్నాడు.

నాగులమ్మ ఇంట్లో గురవమ్మ కాళ్లు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు అట్లాగే ఉండేది. ఆ పిల్ల మాటలు తగ్గించింది.

ఇరవై మూడో రోజు పొద్దున పాలెం కొసన రెండేళ్ల పిల్లవాడు ఒకడు పోయాడు. ఏడ్చే ఓపిక కూడా ఇంట్లో ఎవరికీ లేదు. ఇసకలో గుంట తీసి వచ్చాక, మిట్టమధ్యాహ్నం, నాగులమ్మ చేపల కత్తి పట్టుకుని పోలేరయ్య గుడిసె ముందుకు వచ్చింది.

"ఆ రెండు సోలలు పోతే పంపిస్తారా?"

"పంపిస్తారు."

"ఖాయంగానా?"

"పుస్తకంలో సున్న పడాల. పడితే పంపక తప్పదు."

"అయితే రా," అంది.

వాడు కొట్టం దాకా వెంట పోయాడు. తాళాన్ని ఆమే రాయితో కొట్టింది. నాలుగు దెబ్బలకు గొలుసు ఊడింది. జనం పోగయ్యారు. ఎవరూ ఆపలేదు, ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఆమె కత్తితో లక్క పగలగొట్టి గుడ్డ విప్పింది. తరవాత చాలాసేపు బాన ముందు ఊరికే నిలబడింది. వాకిట్లో నిలబడ్డ పోలేరయ్యకు ఆమె వీపు మాత్రమే కనిపిస్తున్నది. రమ్మని పిలుస్తుందేమో, లేక తనే లోపలికి పోయి ఆ పని చేస్తే ఆమె చేతికి అది తప్పుతుందేమో అనుకున్నాడు. పోలేదు. సీలు పగలగొట్టింది ఎవరని అడిగితే అన్న భయం వాడి కాళ్లు పట్టుకుంది.

ఆమె చెయ్యి లోపలికి పెట్టింది. పసుపుకొమ్ము తీసి బొడ్లో దోపుకుంది. పిండికి పురుగు పట్టి గూళ్లు కట్టి ఉంది. కొంగులో జల్లించింది. ఆ రెండు సోలలూ పెద్ద దబరలో నీళ్లు పోసి కాచింది. పాలెంలో మిగిలిన ఇరవై ఆరు మంది పిల్లలకు తలా అర చిప్ప వచ్చింది. రంగు తప్ప గంజి లక్షణం లేని నీళ్లు. వాళ్లు తాగాక ఆమె తడి చేత్తో బాన అడుగంతా చుట్టూ తుడిచి, ఆ చేతిని గురవమ్మ నోటికి అందించింది. పిల్ల వేళ్లు ఒక్కొక్కటీ నాకింది.

"ఇప్పుడు రాయి," అంది పోలేరయ్యతో.

ఎవరో తాళం పగలగొట్టారని రాస్తానన్నాడు వాడు. పేరు లేకుండా రాస్తానన్నాడు.

"ఎవురో అని రాస్తే, ఆ ఎవురో ఎవురని అడిగేదానికి ఇంకో ఇరవై దినాలు పట్టిస్తారు. నా పేరు రాయి. ఎట్టా ఒకతూరి ఏలు వేసిందాన్నే గదా."

మొదటి కాగితంలో ఏముందో ఆమెకు తెలిసే ఉందని వాడికి అప్పుడు తెలిసింది. ఎవరు చెప్పారో, ఎప్పటి నుంచి తెలుసో అడగలేదు. ఉత్తరం రాశాడు. పిండి రన్ అవుట్ అయింది. ఈసారి ముందు ఏ మాటా చేర్చలేదు. కింద ఆమె పేరు రాశాడు.

పిండి తొమ్మిదో రోజు వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ నాగులమ్మ గురవమ్మను గుడిసె దాటనివ్వలేదు. పక్కనే కూర్చుని పిల్ల డొక్క పైకీ కిందికీ కదులుతుంటే చూస్తూ ఉండేది. పగటి పూట పిల్ల కన్ను మూస్తే తట్టి లేపేది. ఏం జరుగుతుందని భయమో ఆమె అనలేదు, పాలెంలో ఎవరూ అడగలేదు. ఏమీ జరగలేదు. తొమ్మిదో రోజు గోతాలు మోస్తున్న కూలీలు ఇసకలో కనబడినప్పుడు గురవమ్మే ముందు చూసి, అవ్వా, చేతులు కలుపుకున్నోళ్లు వచ్చినారు అని అరిచింది.

పద్మనాభయ్య ఖాళీ బాన చూసి, పుస్తకంలో సున్న రాసి, నాగులమ్మ ఇకపైన కేంద్రం గడప తొక్కకూడదన్నాడు. పోలీసులకు రాయకుండా వదిలేస్తున్నందుకు సంతోషించమన్నాడు. పాలెం పెద్దలు ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే గోతాలు వెనక్కి పోతాయేమోనని వాళ్ల భయం. మనవరాలి వంతు గంజికి కూడా ఆమె ఆ గడపకు రాకూడదని తేలాక, నాగులమ్మ రెండు రోజులు ఆగి, బాన నెత్తిన పెట్టుకుని, పిల్లను నడిపించుకుంటూ ఉత్తరంగా ఉప్పు కొఠార్ల వైపు వెళ్లిపోయింది.

పోలేరయ్యకు ఉద్యోగం వచ్చింది. నెల్లూరులో గోడౌను, స్టూలు, తాళాల గుత్తి. రేవుదిన్నె లాంటి కేంద్రాలు పద్నాలుగు. వాటిల్లో సరుకు అయిపోయినప్పుడు పోయి చూసి సున్న వేసి రావడం వాడి పని. రేవుదిన్నెలో కొత్త వంటమనిషి వాడి ముందే బానలోకి చీపురు పెట్టి అడుగు దాకా ఊడ్చి, ఆ దుమ్ము బయట పారబోసేది. అప్పుడు వాడు పుస్తకంలో రన్ అవుట్ అని రాసేవాడు. తప్పు లేని ఇంగ్లీషు. ఇప్పుడు ఆ మాట వాడికి ధైర్యంగా అనిపించలేదు. రెండేళ్లలో ఎన్ని వందల సార్లు రాసి ఉంటాడో, ఒక్కసారి కూడా ఆ మాట వెనక మనిషి ఎవరో అందులో కనబడలేదు. పిండీ పరుగెత్తింది, పిల్లలూ పోయారు, ఆడవాళ్లు బానలు ఎత్తుకుని పోయారు, అందరికీ ఒకటే మాట, ఒకటే గడి.

అరవై ఏడు వేసవిలో కేంద్రాలు ఎత్తేశారు. పాత ఫైళ్లు మూటలు కట్టే పని పోలేరయ్యకే పడింది. అందులో ఆ కాగితం దొరికింది. రెండు వేలిముద్రలు, ఒకటి సగం, ఒకటి పూర్తిగా. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పని మానుకుని, సైకిలు మీద కొఠార్లకు బయలుదేరాడు.

మధ్యాహ్నపు ఎండలో ఉప్పు కుప్పలు కళ్లలో గుచ్చుకుంటున్నాయి. నాగులమ్మను ఆమె నడకను బట్టి పోల్చుకున్నాడు. ఉప్పు గంప నెత్తిన పెట్టుకుని గట్టు మీద వస్తున్నది. పాదాలు పగిలి, పగుళ్లలో ఉప్పు తెల్లగా గడ్డ కట్టి ఉంది. గురవమ్మ కొంచెం దూరంలో చిన్న గంపతో నడుస్తున్నది. తొమ్మిదేళ్లు రాని పిల్ల.

ఆమె గంప దించి, వాడి ముఖం చూసి, బాగుండావా అబ్బయా అని అడిగింది. తాటాకు పాకలోకి తీసుకుపోయి నీళ్లు ఇచ్చింది. వాడు కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఇదేందని అడిగితే, ఆ పొద్దు నువ్వు వేలు వేసిన కాగితం అత్తా, ఎత్తుకొచ్చేసినా, ఇప్పుడిక నీ మీద ఏమీ లేదు అని చెప్పాడు.

ఆమె కాగితం వెలుతురులోకి పెట్టి తన వేలిముద్రను చూసుకుంది. బొటనవేలు దాని పక్కన పెట్టి పోల్చుకుంది. వేలి మీద ఇప్పుడు ఆ మిగిలిన గీతలు కూడా లేవు. ఇది నా ఏలని ఇప్పుడు ఎవురూ నమ్మర్లే అని నవ్వి, మడిచి, చూరులో దోపింది. పొయ్యి అంటించుకోవడానికి పనికొస్తుందని.

పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. మూల బాన ఉంది, మూతి మీద గుడ్డ కట్టి. వాడు ఆ బాన వంక చూడటం ఆమె చూసింది. పొద్దున ఏమైనా తిన్నారా అత్తా అని అడిగాడు. బయట గట్టు మీద పిల్ల గంప దించుకుంటున్న చప్పుడు అయింది. ఆమె లేచి, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, గడప దగ్గర ఆగింది. వాడు ఆమెను చూడటం అదే చివరిసారి.

"అడుగు అట్నే ఉండాది అబ్బయా," అంది. "దాని మిందదే నిండుకునింది."